55 వేల గేమింగ్ పీసీకి ప్రాసెసర్ ఎట్లా తేల్చామంటే

మా అక్క వాళ్లది చిత్తూరు. వాళ్ల అబ్బోడు ఇంటర్ పరీక్షలు ముగిసీ ముగియక ముందే వాట్సాప్‌లో నాకు ఒక లైను పంపాడు: "పిన్నీ, ఐ7 ఉంటే చాలు, మిగతావి నీ ఇష్టం." ఐ7 అంటే ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్, కంప్యూటర్‌కు మెదడు లాంటిది. గేమింగ్ పీసీ అనగానే పిల్లలు చాలామంది ఇట్లాగే మొదలుపెడతారు. ప్రాసెసర్ పేరు ముందే ఖాయం. మిగతా డబ్బాలో ఏముంటే ఏమిలే అన్నట్టు ఉంటారు.

నేను తిరుపతిలో, బైరాగిపట్టెడ వైపు, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. స్టూడియోలో మెషీన్లన్నీ నేను విప్పి బిగించినవే. రాత్రి పని అయ్యాక వాటి మీదే గేమ్‌లు ఆడతాను కూడా. పెళ్లై ఇద్దరు పిల్లలున్న ఆడమనిషి వాలొరాంట్ ఆడుతుందంటే ఇప్పటికీ మా అత్తగారు అదేదో బ్యాంకు పనే అనుకుంటున్నారు, అనుకోనీ. చుట్టాల్లో ఎవరికి కంప్యూటర్ కావాలన్నా ఫోన్ మాత్రం నాకే వస్తుంది.

బడ్జెట్ సంగతి ముందు చెప్పాలి. బావకు తోతాపురి తోట ఉంది. మొదట్లో 70 వేల దాకా ఇస్తానన్నాడు. 2025 సీజన్‌లో తోతాపురికి ఏం జరిగిందో మా జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. కొనేవాళ్లు లేక ధర పడిపోయింది. పల్ప్ ఫ్యాక్టరీలు కిలోకు 8, ప్రభుత్వం 4, కలిపి 12 రూపాయలని ప్రకటించారు. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆ లెక్కలన్నీ తేలేసరికి 70 కాస్తా 55 అయింది. "అంతకు మించి ఒక్క రూపాయి అడగొద్దని వాడికి నువ్వే చెప్పు" అన్నాడు బావ. కొడుకుకు తను చెప్పలేక ఆ పని నాకు తగిలించాడన్నమాట.

మానిటరు, కీబోర్డు, మౌసు నా దగ్గరి పాతవి ఇస్తానన్నాను. మానిటర్ 24 అంగుళాలది, ఫుల్ హెచ్‌డీ, 75 హెర్ట్జ్. చివరికి ప్రాసెసర్‌ను సగం తేల్చింది ఆ మానిటరే.

వాడికి నేను మొదటి నుంచీ చెప్పింది ఒకటే. ప్రాసెసర్ డబ్బా మీద ఉన్న రేటు దాని అసలు రేటు కాదు. దానికి సరిపోయే బోర్డు (అన్నీ బిగించే మదర్‌బోర్డు), ఆ బోర్డు పట్టే ర్యామ్, పైన కూర్చునే కూలరు, ఇవన్నీ కలిపితేనే దాని ధర. ఈ మొత్తంలో మిగిలిన ప్రతి వెయ్యీ తెర మీది బొమ్మను గీసే గ్రాఫిక్స్ కార్డుకు పోతుంది. తక్కువ బడ్జెట్‌లో గేమ్ ఎట్లా కనబడుతుంది, ఎంత సాఫీగా కదులుతుంది అనేది చాలావరకు ఆ కార్డు చేతిలోనే ఉంటుంది.

వాడికి నమ్మకం కుదరలేదు. యూట్యూబ్‌లో ఎవరో "ప్రాసెసర్ చిన్నదైతే బాటిల్‌నెక్ అయి కార్డంతా వేస్ట్" అని చెప్పారట. బాటిల్‌నెక్ అంటే ఒక భాగం నెమ్మదైతే మిగతావి దాని కోసం ఆగిపోవడం. మాటల్తో తేలేది కాదని ఒక ఆదివారం స్టూడియోకి రమ్మన్నాను. నా మెషీన్‌లో ఏఎండీ కంపెనీ రైజెన్ 7 3700ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఉన్నాయి. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఆడుతున్నప్పుడు స్క్రీన్ మూలన కార్డు ఎంత శాతం పనిచేస్తోంది, ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక్కో భాగం, అంటే ఒక్కో కోరు, ఎంత పనిచేస్తోంది, ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) ఎంత అన్నీ కనబడేట్టు చేశాను.

మొదట సైబర్‌పంక్ 2077. ఫుల్ హెచ్‌డీ, గ్రాఫిక్స్ హై. కార్డు 97, 98 శాతం దగ్గర కూర్చుంది, కదల్లేదు. రిజల్యూషన్, అంటే కార్డు గీయాల్సిన చుక్కల సంఖ్య, 720కి దించగానే ఎఫ్‌పీఎస్ ఎగిరింది. అంటే అంతసేపూ ఆపుతున్నది కార్డు. ఇక్కడ ప్రాసెసర్ ఇంకా పెద్దది పెట్టినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

తర్వాత వాలొరాంట్. ఇక్కడ కార్డు సగం కూడా దాటలేదు. రిజల్యూషన్ దించినా ఎఫ్‌పీఎస్ అంకె అక్కడక్కడే ఆడింది. ఇక్కడ ఆపుతున్నది ప్రాసెసర్. మీ ఇంట్లో పీసీ ఉంటే ఈ పరీక్ష మీరూ చేసుకోవచ్చు. రిజల్యూషన్ దించితే స్పీడు పెరిగిందా, అడ్డం కార్డు. పెరగలేదా, అడ్డం ప్రాసెసర్. బాటిల్‌నెక్ ఇంత శాతమని లెక్కకట్టి చూపించే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. ఏ గేమ్, ఏ సెట్టింగ్ అన్నది అడగకుండా వాళ్లు చెప్పే ఆ శాతానికి అర్థం లేదు.

అబ్బోడు అప్పుడే మంచి ప్రశ్న ఒకటి వేశాడు. "టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ మొత్తం 35 శాతమే చూపిస్తోంది కదా పిన్నీ. ఇంకా బోలెడు ఖాళీ ఉంది కదా, మరి అడ్డం అదెట్లా అయింది?"

ఖాళీ ఉన్నవి మిగతా కోర్లు. గేమ్‌లో ఎవరు ఎక్కడున్నారు, ఏ తూటా ఎవరికి తగిలింది, ఈ ఫ్రేములో ఏమేం గీయాలి అన్న పనిలో ముఖ్యమైన భాగం ఒకే కోరు మీద, ఒకదాని వెనక ఒకటిగా నడుస్తుంది. ఆ కోరు నిండిపోతే మిగతావి ఖాళీగా ఉన్నా లాభం లేదు. ఆల్బమ్ పేజీ నేను డిజైన్ చేసి ఇస్తేనే కదా ప్రింటర్ కొట్టేది. నేను గంటకు పది పేజీలు ఇస్తుంటే వంద పేజీల ప్రింటర్ తెచ్చినా వచ్చేది పదే. గేమ్‌లో పేజీ ఇచ్చేది ప్రాసెసర్, కొట్టేది కార్డు. ఈ మాట వాడికి ఎక్కింది, ఎందుకంటే పెళ్లిళ్ల సీజన్‌లో స్టూడియోలో నా వెనక నిలబడి "ఇంకా ఎంతసేపక్కా" అని ఒత్తిడి చేసే ప్రింటింగ్ కుర్రాణ్ణి వాడూ చూశాడు.

అందుకే గేమ్‌లకు కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోరు ఎంత చురుకైనదీ అన్నది ముందు చూడాలి. అట్లాగని మరీ నాలుగు కోర్లతో సర్దుకోమని కూడా నేను చెప్పను. 2020లో వచ్చిన పీఎస్5లోనే 8 కోర్లున్నాయి. పెద్ద గేమ్‌లు చేసేవాళ్లు వాటిని దృష్టిలో పెట్టుకునే చేస్తారు. పైగా మన పిల్లలు గేమ్ ఒక్కటే నడుపుతారా? పక్కన డిస్కార్డ్, వెనక క్రోమ్‌లో పదిహేను ట్యాబ్‌లు. నాలుగు కోర్ల ప్రాసెసర్‌లో సగటు ఎఫ్‌పీఎస్ బాగానే కనబడుతుంది గానీ మధ్యమధ్యలో చటుక్కున ఆగి కదులుతుంది. ఆటలో చచ్చేది సరిగ్గా ఆ క్షణంలోనే. నా లెక్కలో ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు) కనీసం.

మరి ఐ7? బావ ఊరుకుంటాడా, చిత్తూరులో ఎవరినో అడిగి "ఐ7 గేమింగ్ పీసీ 24 వేలకే ఇస్తారంట, నీ 55 ఏంది?" అని ఫోన్ చేశాడు. మోడల్ నంబరు కనుక్కోమన్నాను. ఐ7 4770. అది 2013లో వచ్చిన ప్రాసెసర్. నాలుగే కోర్లు, పాత తరం డీడీఆర్3 ర్యామ్. ఆఫీసుల్లో తీసేసిన మెషీన్‌కు గాజు తలుపు క్యాబినెట్, రంగురంగుల ఫ్యాన్లు తగిలించి అమ్ముతారు. పేరు గొప్ప ఊరు దిబ్బ. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఇంటెల్ వైపు ఏవో కొన్ని తప్ప 8వ జనరేషన్ నుంచే ఉంది, ఇది నాలుగోది. విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగుస్తుందని అప్పటికే తెలుసు. విండోస్ 11 మీద వాలొరాంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండాల్సిందే. దాన్ని కొంటే విండోస్ 11 మీద వాడు ఎక్కువగా ఆడే గేమే ఆడనివ్వదు.

ఇంకో రకం కూడా తిరుగుతోంది, "28 థ్రెడ్ల మెషీన్" అని. లోపల ఉండేది జియాన్ ఈ5 2680 వీ4, 2016 నాటి సర్వర్ ప్రాసెసర్. 14 కోర్లున్న మాట నిజమే. కానీ దాని వేగం ఎంత పెంచినా 3.3 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, కోరు డిజైను కూడా పాతది. వీడియో రెండరింగ్‌కు చవకలో పనికొస్తుందేమో గానీ గేమ్‌కు కాదు. ఐ3, ఐ5, ఐ7 అనే అంకె ఒకే జనరేషన్ లోపల పోల్చుకోవడానికే. 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్‌కు కూడా కోర్లు నాలుగే, అయినా గేమ్‌లలో ఆ 2013 ఐ7 దాని దరిదాపుల్లోకి రాదు. "అంటే ఐ3 ఐ7 కన్నా మేలా?" అని బావ నవ్వాడు. తోటలో పాత మోటారు 5 హెచ్‌పీ అని రాసి ఉన్నా ఎంత నీళ్లు తోస్తుందో మీకు తెలుసు కదా అన్నాను. తర్వాత ఇంకేం మాట్లాడలేదు.

మా ముందు నిలబడ్డవి చివరికి మూడు దారులు. ఇంటెల్ ఐ5 12400ఎఫ్. ఏఎండీ రైజెన్ 5 5600. లేదంటే కొత్త ఏఎం5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) మీద రైజెన్ 5 7600 గానీ 7500ఎఫ్ గానీ. మూడింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు.

వేగం చూస్తే ఏఎం5 వే ముందుంటాయి, అందులో మాట లేదు. ఏఎండీ ఆ సాకెట్‌ను 2027 దాకా, ఆ తర్వాత కూడా నడుపుతామంది కాబట్టి రేపు ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. డబ్బుంటే కళ్లు మూసుకుని అదే కొనమంటాను. కానీ అది డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటుంది, బోర్డు రేటూ ఎక్కువే. స్టూడియో మెషీన్‌లో ర్యామ్ పెంచుకున్నప్పుడు తీసేసిన 8 జీబీ డీడీఆర్4 స్టిక్‌లు రెండు నా బీరువాలో ఉన్నాయి. 3200 స్పీడువి, జత. ఏఎం5కు పోతే అవి దండగ, కొత్త ర్యామ్ కొనాలి, ఖరీదైన బోర్డు కొనాలి. లెక్కేస్తే గ్రాఫిక్స్ కార్డులో ఒక మెట్టు దిగాల్సి వచ్చింది. 75 హెర్ట్జ్ మానిటర్ ముందు కూర్చుని, చిన్న కార్డుకు పెద్ద ప్రాసెసర్ తగిలించుకోవడమేంటి?

ఇక్కడే మానిటర్ మాట. 75 హెర్ట్జ్ అంటే సెకనుకు 75 ఫ్రేములు చూపిస్తుంది, అంతే. వాలొరాంట్ 200 ఎఫ్‌పీఎస్‌తో నడిచినా 350తో నడిచినా తెర మీద కనబడేది అదే. మౌసు నొక్కినప్పటి నుంచి తెర మీద కనబడేదాకా పట్టే ఆలస్యం కాస్త తగ్గుతుంది, పోటీల్లో ఆడేవాళ్లకు అదీ లెక్కే. మావాడు ఆడేది చిత్తూరు ఫ్రెండ్స్‌తో, మధ్యమధ్య అక్క కేకలకు "వస్తున్నా" అంటూ.

ఇక మిగిలినవి 12400ఎఫ్, 5600. గేమ్‌లలో రెండూ ఇంచుమించు సమానం. ఒక గేమ్‌లో ఇది ముందుంటే ఇంకోదాంట్లో అది. దాని గురించి ఇంటర్నెట్‌లో జరిగే యుద్ధాలు చదివితే నవ్వొస్తుంది. రెండూ 2022 మొదటి నెలల్లో వచ్చినవే, రెండింటికీ కూలరు డబ్బాలోనే ఇస్తారు. కాబట్టి తేల్చాల్సింది బోర్డు దగ్గర. ఇంటెల్ వైపు చవకైన హెచ్610 బోర్డు ఉంది, 12400ఎఫ్‌కు అది చాలు. కాకపోతే ఎక్కువ హెచ్610 బోర్డుల్లో రేపు పెద్ద ప్రాసెసర్ పెడితే కరెంటు సరఫరా చేసే భాగం తట్టుకోవడం కష్టం. అదే సాకెట్‌లో పైకి పోదామంటే ఉన్నవి 13, 14 జనరేషన్ల పెద్ద మోడళ్లు. వాటిలో అస్థిరత సమస్య బయటపడి 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) మార్పులు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. 12వ జనరేషన్‌కు ఆ జబ్బు లేదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఏఎండీ వైపు బీ550 బోర్డు. 2017లో మొదటి రైజెన్ వచ్చిన ఏఎం4 సాకెట్‌కు ఇక కొత్త తరం రాదు, కానీ అందులోనే 5700ఎక్స్3డీ లాంటివి ఉన్నాయి. మామూలు 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ) 32 ఎంబీ అయితే దాంట్లో 96 ఎంబీ. గేమ్‌లకు ఆ క్యాష్ బాగా కలిసొస్తుంది. రెండు మూడేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇదే బోర్డులో వేసుకోవచ్చు. మాకు చెప్పిన రేట్లలో బీ550, 5600 జత ఇంటెల్ జతతో దాదాపు సమానంగా వచ్చింది. అందుకని 5600 వైపు మొగ్గాం. మీ ఊళ్లో ఆ రోజు 12400ఎఫ్ జత రెండు వేలు తక్కువకు వస్తే అదే తీసుకోండి, బాధపడాల్సిందేం లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 5600 అనే అంకె వెనక అక్షరం మారితే సరుకు మారిపోతుంది. 5600జీ, 5600జీటీలో లోపలే చిన్న గ్రాఫిక్స్ ఉంటాయి. కార్డు కొనే డబ్బు ఇప్పుడు లేనివాళ్లకు అవి మంచివే. వాలొరాంట్, జీటీఏ 5 తక్కువ సెట్టింగ్‌లలో ఆడుకోవచ్చు. కానీ క్యాష్ సగమే, 16 ఎంబీ, కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారి అయిన పీసీఐఈ కూడా 4.0 కాదు, 3.0. 5500 అనేది చూడటానికి 5600 తమ్ముడిలా ఉంటుంది గానీ నిజానికి ఆ జీ రకంలో గ్రాఫిక్స్ తీసేసినది. అదీ 16 ఎంబీ క్యాష్, 3.0. ఇక 4500 అయితే ఇంకా పాత జెన్ 2 డిజైను, క్యాష్ 8 ఎంబీనే. ఆరు కోర్లు, 12 థ్రెడ్లు అనే మాట అన్నిటి డబ్బాల మీదా ఉంటుంది! మేము అనుకున్న కార్డు ఆర్‌ఎక్స్ 6600. అది 16 కాకుండా 8 లేన్లే వాడుకునే కార్డు కాబట్టి పీసీఐఈ 4.0 ఉంటే మేలు. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేవని అర్థం. కే ఉంటే ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చని, అంటే వేగం మనమే పెంచుకోవచ్చని. తక్కువ బడ్జెట్‌లో కేకి డబ్బు పెట్టడం శుద్ధ దండగ, దానికి వేరే కూలరు కొనాలి, వేరే బోర్డు కొనాలి.

కొనడం తిరుపతిలోనే. బావ "చెన్నై రిచీ స్ట్రీట్‌లో చవక కదా" అన్నాడు. రైల్లో మూడు, మూడున్నర గంటలు, పోవచ్చు. కానీ ఏదైనా తేడా వస్తే మళ్లీ మోసుకుపోవాలి. ఊళ్లో ఒక షాపులో అడిగితే మొదట వాళ్లు చెప్పిన మాట, "సార్‌ను తీసుకురండి మేడమ్, వివరంగా చెప్తాం." నేను లిస్టు బల్ల మీద పెట్టి ఒక్కో ఐటమ్ రేటు రాయించుకున్నాను. బిల్లు వద్దంటే తగ్గిస్తామన్నారు. కంప్యూటర్ భాగాలకు జీఎస్టీ 18 శాతం, పది వేల వస్తువు మీద 1,800 అంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ ప్రాసెసర్‌కు కంపెనీ మూడేళ్ల వారంటీ ఇస్తుంది, అది డబ్బాలో వచ్చే సరుకుకు. బిల్లు లేకుండా రేపు ఏమని అడుగుతారు? అదే షాపులో 5600 ట్రే రకం కూడా చూపించారు, డబ్బా లేకుండా ప్లాస్టిక్ మూతలో. రేటు తక్కువే. దానికి కంపెనీ వారంటీ ఉండదు, అమ్మినవాళ్ల మాటే వారంటీ, కూలరూ రాదు. కూలరు విడిగా కొంటే ఆ తగ్గిన డబ్బు అక్కడికే సరి. డబ్బాదే తీసుకున్నాం, పది వేల పైచిలుకు పడింది. డబ్బాకు పక్కన చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి ప్రాసెసర్ మీద రాసిన పేరు కనబడుతుంది. 5600 అనే ఉందా, వెనక అక్షరమేమన్నా ఉందా అని అక్కడే వెలుతురులో చదువుకున్నాను. సీల్ కూడా చూసుకున్నాను.

బోర్డు డబ్బా మీద "రైజెన్ 5000 రెడీ" అని ఉందో లేదో చూసుకోవడం మరవద్దు. ముఖ్యంగా బీ450 బోర్డు పాత స్టాకులో వస్తే దాని బయోస్‌కు (బోర్డులో మొదట నడిచే ప్రోగ్రాంకు) ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు, పవర్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది.

బిగింపు స్టూడియో బల్ల మీద. ఏఎం4 ప్రాసెసర్‌కు పిన్నులు దాని కిందే ఉంటాయి, 1331 పిన్నులు. ఇంటెల్‌కయితే అవి బోర్డు మీదుంటాయి. అబ్బోణ్ణే పెట్టమన్నాను. పక్కనున్న సన్న కడ్డీని కాస్త బయటికి లాగి పైకెత్తాలి. ప్రాసెసర్ ఒక మూలన చిన్న బంగారు త్రికోణం ఉంటుంది, సాకెట్ మీద కూడా ఒక మూలన అదే గుర్తు. రెండూ కలిసేలా పెట్టి వదిలేస్తే తన బరువుకు తనే దిగుతుంది. వేలితో నొక్కడం లేదు. దిగలేదంటే తిప్పి పెట్టారనో, ఎక్కడో పిన్ను వంగిందనో అర్థం. వాడికి చెయ్యి వణుకుతుంటే ఫోన్ లైటు నేను పట్టుకున్నాను. కూర్చుంది. కడ్డీ దించాడు.

అసలు తిప్పలు కూలరు దగ్గర. 5600తో వచ్చే కూలరు నాలుగు స్క్రూలతో బిగుస్తుంది, కానీ బోర్డు మీద ముందే రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు ఉంటాయి. అవి విప్పేయాలి. విప్పగానే బోర్డు వెనక ఉన్న పలక ఊడి కింద పడుతుంది. అందుకే ఒకరు వెనక నుంచి పలకను పట్టుకోవాలి. థర్మల్ పేస్ట్ కూలరు అడుగునే పూసి వస్తుంది, దాన్ని వేలితో తాకొద్దు. ఒక స్క్రూ పూర్తిగా బిగించేయకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగిస్తూ పోవాలి. రేపు ఎప్పుడైనా కూలరు తీయాల్సి వస్తే కాసేపు గేమ్ ఆడి, పేస్ట్ వెచ్చబడ్డాక, పీసీ ఆపేసి, కూలరును అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. నిటారుగా పీకితే ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడొచ్చేస్తుంది.

ర్యామ్ రెండు స్టిక్‌లూ ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాం. బయోస్‌లోకి పోయి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి స్పీడుతో నడిపే సెట్టింగ్) ఆన్ చేస్తేనే అవి 3200తో నడుస్తాయి, లేకపోతే తక్కువ స్పీడుతో లాగుతూ ఉంటాయి, మనకు తెలియను కూడా తెలియదు. ఒకే 16 జీబీ స్టిక్ కన్నా రెండు 8 జీబీలు మేలు. రైజెన్‌లో ఈ రెండు పనులకూ పైసా ఖర్చు లేదు, ఎఫ్‌పీఎస్ మాత్రం చక్కగా పెరుగుతుంది.

పీసీ చిత్తూరు చేరిన రోజు సాయంత్రమే ఫోన్. "పిన్నీ, డిస్‌ప్లే రావడం లేదు. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. నాయన అప్పుడే పోయింది యాభై ఐదు వేలు అంటున్నాడు." వెనక నుంచి బావ గొంతు వినబడుతోంది. వీడియో కాల్ చేయమన్నాను. హెచ్‌డీఎమ్ఐ కేబుల్ బోర్డుకు పెట్టాడు. 5600లో గ్రాఫిక్స్ లేవు కాబట్టి బోర్డు మీదున్న ఆ రంధ్రం ఉత్తదే. కిందున్న కార్డుకు పెట్టించాను, బొమ్మ వచ్చింది.

అక్క వాళ్లింట్లో వాడి గది మిద్దె మీద, వేసవిలో పెనం. గంట ఆడాక ప్రాసెసర్ వేడి 80 దాకా పోతోందని ఫోటో పంపాడు. 90 దాకా ఫర్వాలేదు, అంతకు మించితే తనే వేగం తగ్గించుకుంటుంది. ప్రాసెసర్ 65 వాట్లది, కార్డు 132 వాట్లది కావడంతో ఇంకో లాభం కూడా ఉంది. గాలివానకు కరెంటు పోతే 600 వీఏ యూపీఎస్ చాలు. అది ఇచ్చేది సుమారు 360 వాట్లు, ఆట మధ్యలో ఉన్నా సేవ్ చేసి ఆపుకునేంత టైము ఇస్తుంది. పెద్ద ప్రాసెసర్, పెద్ద కార్డు అయితే యూపీఎస్‌కే ఇంకో ఐదారు వేలు.

ఇప్పుడు వాడి నోట్లో ఉన్నది ఎక్స్3డీ. ముందు 144 హెర్ట్జ్ మానిటర్ కొనుక్కో, ఆ తర్వాత దాని గురించి మాట్లాడదాం అన్నాను.

ఇది చదివి ఇప్పుడు కొనబోయేవాళ్లకు ఒక మాట. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు పోతుండటమే కారణం. డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ మనలాంటివాళ్లు కొనే క్రూషియల్ ర్యామ్ వ్యాపారమే మానేస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి నేను పైన వేసిన లెక్క మీకు అట్లాగే కుదరదు. పాత పీసీలో డీడీఆర్4 ర్యామ్ ఉంటే అమ్మేయకండి, దాన్ని పట్టే ప్రాసెసరే చూసుకోండి. ఏమీ లేనివాళ్లు షాపులో ముందు ప్రాసెసర్ రేటు కాదు, ఆ రోజు 16 జీబీ డీడీఆర్4 ఎంత, డీడీఆర్5 ఎంత అని అడిగి, బోర్డుతో సహా రెండు జతలూ కాగితం మీద వేయించుకోండి.